ఔన్సు, డ్రామ్, స్క్రూపుల్... ఫార్మసీలో లాటిన్ కొలతల మాటలు గుర్తుండాలంటే

ప్రశ్న: బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. ఫార్మాస్యూటిక్స్‌లో కొలతల పాఠం దగ్గర ఆగిపోయాను. గ్రెయిన్, స్క్రూపుల్, డ్రామ్, ఔన్సు, మినిమ్, వాటికి తోడు ప్రిస్క్రిప్షన్‌లో వచ్చే లాటిన్ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు... పట్టికే రెండు పేజీలుంది. ఎన్నిసార్లు బట్టీ పట్టినా తెల్లారేసరికి పోతోంది. వచ్చే నెల ఎగ్జామ్, టెన్షన్‌గా ఉంది. అందరూ మిల్లీగ్రాములే రాస్తున్న ఈ రోజుల్లో ఇవి ఎందుకు? గుర్తుపెట్టుకునే దారేమైనా ఉందా?

జవాబు:

ఈ నాలుగు ముక్కలు రాయడంలోనే మీరు రెండు లాటిన్ కొలతలు వాడేశారు. ఒకటి సెమిస్టర్. లాటిన్‌లో మెన్సిస్ అంటే నెల, ఆరు నెలలకు సంబంధించినది సెమెస్ట్రిస్. రెండోది ఎగ్జామ్. దాని మూలం ఎక్సామెన్. దానికి మొదట ఉన్న అర్థాల్లో ఒకటి త్రాసు మధ్యలో ఉండే ముల్లు. ఆ ముల్లు ఎటు వాలిందో చూడటమే పరీక్ష. పొట్టి పొడుగు చూడరు, తూకం చూస్తారు. ఇకనుంచి ఎగ్జామ్ అన్న మాట వింటే హాల్ టికెట్టు కాకుండా త్రాసు ముల్లు కళ్ళముందుకు వస్తే మీ పాఠం సగం దారిలో పడ్డట్టే.

నేను 30 ఏళ్ళకు పైగా మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డాను, తరువాత కొన్నాళ్ళు డి.ఫార్మసీ పిల్లలకు ఇదే పాఠం చెప్పాను. ఎడమవైపు లాటిన్ మాట, కుడివైపు ఇంగ్లీషు అర్థం అని గీత గీసి చదివినవాళ్ళెవరికీ అది నిలవలేదు. నిలవదు కూడా. ఎందుకంటే ఆ మాటలకు అర్థం ఇంకో మాట కాదు, ఒక వస్తువు. గింజ, గులకరాయి, గుప్పెడు, తక్కెడ పళ్ళెం, నత్తగుల్ల. వస్తువు పట్టుకుంటే మాట దానంతటదే వస్తుంది.

తక్కెడతోనే మొదలుపెడదాం, మన డిస్పెన్సరీ పేరే దాని మీద ఉంది కాబట్టి. లాటిన్‌లో పెన్‌డెరె అంటే వేలాడదీయడం, తూచడం, చెల్లించడం. మూడూ ఒకటే మాట ఎందుకయ్యాయి? తూచాలంటే తక్కెడను వేలాడదీయాలి. ముద్ర వేసిన నాణేలు రాకముందు రాగిముక్కలు తూచి చెల్లించేవాళ్ళు. అందుకే ఎక్స్‌పెన్స్, పెన్షన్ రెండూ ఈ కుటుంబానివే. ఒకటో తారీఖు కోసం ఎదురుచూసే నాలాంటివాళ్ళం నిజానికి ఎవరో తూచి ఇచ్చే రాగికోసం చూస్తున్నాం అన్నమాట. ఈ కుటుంబంలోదే డిస్‌పెన్సారె, అంటే కొంచెం కొంచెంగా తూచి పంచడం. డిస్పెన్సరీ అంటే తూచి పంచే చోటు. బ్యాలెన్స్ అన్నది బిలాంక్స్ నుంచి వచ్చింది: బి అంటే రెండు, లాంక్స్ అంటే పళ్ళెం. రెండు పళ్ళేలది.

తూచే సాధనానికే ఇంకో పేరు లిబ్రా. రాశిచక్రంలో తులారాశికి ఇంగ్లీషులో ఆ పేరే ఉంటుంది, చూసే ఉంటారు. రోమన్లు తక్కెడనూ లిబ్రా అన్నారు, దానిమీద తూచే ముఖ్యమైన బరువునూ లిబ్రా అన్నారు. మన తుల, తులం సంగతీ ఇంతే కదా. ఆ బరువు మన లెక్కలో దాదాపు 327 గ్రాములు. దాన్ని పూర్తిగా లిబ్రా పోండో అనేవాళ్ళు, అంటే తూకంలో ఒక లిబ్రా అని. ఇంగ్లీషు వాళ్ళు ఈ రెండు మాటల్ని చెరిసగం పంచుకున్నారు: పలకడానికి పోండో తీసుకుని పౌండ్ అన్నారు, పొట్టిగా రాయడానికి లిబ్రా తీసుకుని ఎల్‌బీ అని రాశారు. పౌండ్‌లో లేని ఎల్, బీ అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయని క్లాసులో ఏటా ఒకరైనా అడిగేవారు. ఇదీ కథ. బ్రిటిష్ డబ్బు పౌండు గుర్తు కూడా అడ్డగీత పెట్టిన ఎల్ అక్షరమే. తాపీమేస్త్రీ గోడమీద పెట్టే లెవెల్ అన్న మాట లిబెల్లా నుంచి వచ్చింది, అంటే చిన్న తక్కెడ.

ఇక అసలు సంగతి. ఈ పాఠంలో ఒక్క మాట మాత్రమే నేర్చుకునే టైముంటే ఉంకియా నేర్చుకోండి. లాటిన్‌లో సి అక్షరాన్ని క అనే పలుకుతారు, అందుకే అన్సియా అని రాయలేదు. ఉంకియా అంటే పన్నెండో వంతు. అంతే. అది బరువు కాదు, పొడవు కాదు, ఉత్త భిన్నం. లిబ్రా బరువులో పన్నెండో వంతు ఉంకియానే, పాదం పొడవులో పన్నెండో వంతూ ఉంకియానే. ఈ మాట ఇంగ్లీషులోకి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి చాలా పాతకాలంలో నేరుగా వెళ్ళి ఇంచ్ అయ్యింది. కొన్ని వందల ఏళ్ళ తరువాత ఫ్రెంచి మీదుగా చుట్టుతిరిగి వచ్చి ఔన్సు అయ్యింది. టేపు మీద ఇంచీ, మందుసీసా మీద ఔన్సు, రెండూ ఒక తల్లి పిల్లలే. అడుగుకు 12 అంగుళాలు ఎందుకో, మీ పుస్తకంలో అపోథెకరీ పౌండుకు, అంటే పాతకాలపు మందుల తూకం పౌండుకు, 12 ఔన్సులు ఎందుకో ఇక విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు.

మన అంగుళం మాత్రం ఇంచ్‌కు అర్థంలో చుట్టం కాదు. అంగుళం అంటే వేలు. లాటిన్‌లో వేలు దిగితుస్, డిజిటల్ అన్న మాట అక్కడిదే. రోమన్ పాదానికి 16 దిగితుస్‌లు. అంటే ఒకే పాదాన్ని వేళ్ళతో 16గానూ, ఉంకియాలతో 12గానూ రెండు రకాలుగా విడగొట్టేవాళ్ళు.

పన్నెండే ఎందుకంటే, రెండుకు, మూడుకు, నాలుగుకు, ఆరుకు శేషం లేకుండా తెగుతుంది. అంగట్లో సగం, మూడోవంతు, పావు అడిగినా చిల్లర మిగలదు. రోమన్లు మొత్తాన్ని ఆస్ అనేవాళ్ళు, దాని పన్నెండు భాగాల్లో దాదాపు ప్రతిదానికీ ఒక పేరుండేది. ఐదు ఉంకియాలు క్వింకుంక్స్, ఆరు సెమిస్. మనవాళ్ళు రూపాయిని పదహారణాలు చేసి మొత్తానికి పదహారణాల అన్నట్టే, వాళ్ళు ఆస్తి మొత్తం దక్కే వారసుణ్ణి ఆస్ మొత్తానికి వారసుడు అనేవాళ్ళు. క్వింకుంక్స్ నాణెంమీద అయిదు చుక్కలు వేసేవాళ్ళు. నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి ఉండే అమరికకు ఆ పేరే పడింది. మామిడి తోటలో నాలుగు మొక్కల నడుమ ఐదోది నాటే పద్ధతికి హార్టికల్చర్ పుస్తకాల్లో ఈనాటికీ అదే పేరు. మీకు పనికొచ్చేది సెమిస్: పాత ప్రిస్క్రిప్షన్లలో రెండు ఎస్‌లు పక్కపక్కన కనిపిస్తే సగం అని అర్థం. ఆ సెమిస్‌కే ఇంకాస్త చేర్చితే సెస్క్వి, అంటే ఒకటిన్నర. కెమిస్ట్రీలో సోడియం సెస్క్వికార్బొనేట్ ఎదురైనప్పుడు ఈ ఒకటిన్నర గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు ఔన్సునుంచి కిందికి దిగుదాం. మీ పట్టికలో 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుల్స్ ఒక డ్రామ్, 8 డ్రాములు ఒక ఔన్సు, 12 ఔన్సులు ఒక పౌండ్ అని ఉంటుంది. అంటే ఔన్సుకు 24 స్క్రూపుల్స్. రోమన్ల ఉంకియాకూ సరిగ్గా 24 స్క్రిపులుమ్‌లే. బరువులు కొంచెం మారాయి కానీ అల్లిక మారలేదు.

స్క్రూపుల్ మూలం స్క్రూపులుస్, మొనదేలిన చిన్న గులకరాయి. చెప్పులో దూరితే అడుగడుక్కీ గుచ్చుతుంది చూడండి, అది. ఇంగ్లీషులో మనస్సాక్షి గుచ్చడానికి కూడా స్క్రూపుల్ అనే అంటారు. ఆ రాయే తూకంలో ఒక చిన్న బరువు. గులకరాయికి లాటిన్‌లో ఇంకో మాట కాల్కులుస్. రోమన్లు పలకమీద గులకరాళ్ళు జరుపుతూ లెక్కలు చేసేవాళ్ళు, కాల్క్యులేటర్ అక్కడినుంచి వచ్చింది. స్కానింగ్ రిపోర్టులో రీనల్ కాల్క్యులస్ అని రాస్తే పేషెంటు కంగారుగా మన కౌంటరు దగ్గరికే వచ్చి ఇదేం జబ్బండీ అని అడుగుతాడు. కిడ్నీలో గులకరాయి బాబూ, అంతే.

డ్రామ్ లాటిన్‌లోకి గ్రీకునుంచి వచ్చిన మాట. ద్రాఖ్మే అంటే గుప్పెడు. అరబ్బుల దిర్హమ్ దాని కూతురే. మన దేశానికి వచ్చి సంస్కృతంలో ద్రమ్మం, హిందీలో దామ్, దమ్రీ అయ్యింది, తెలుగులో దమ్మిడీగా స్థిరపడింది. దమ్మిడీ ఆదాయం లేదు అన్నప్పుడల్లా మీ పట్టికలోని డ్రామ్‌నే పలుకుతున్నారు. ఈ రాకపోకలకు మన నేలమీద సాక్ష్యం కూడా ఉంది. రోమన్ల దెనారియుస్, అంటే పది ఆస్‌ల నాణెం, పేరు మారి నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలపు శాసనంలో దీనారి మాషకాలుగా కనిపిస్తుంది. అది పరీక్షలో రాదులెండి, చెప్పకుండా ఉండలేక చెప్పాను.

గ్రెయిన్ అంటే గ్రానుమ్, ధాన్యపు గింజ. మన కంసాలి గురిగింజతో బంగారం తూచినట్టే. గ్రెయిన్ విలువ 64.8 మిల్లీగ్రాములు. పుస్తకాలు వీలునుబట్టి 65 అనో 60 అనో రాస్తాయి, మీ యూనివర్సిటీ పుస్తకంలో ఏదుంటే అదే వాడండి. ఇక్కడ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: ఇంగ్లీషు తూకాల్లో ఎన్ని రకాల పౌండ్లు, ఔన్సులు ఉన్నా గ్రెయిన్ మాత్రం అన్నిటికీ ఒక్కటే. అపోథెకరీ ఔన్సు 480 గ్రెయిన్లు, పౌండు 5,760. మామూలు అంగడి ఔన్సు 437.5 గ్రెయిన్లు, కానీ ఆ పౌండుకు 16 ఔన్సులు, మొత్తం 7,000. వ్యాపారులు 12ను వదిలేసి 16 పట్టుకున్నారు, అంటే ఉంకియా అన్న మాట అక్కడ అబద్ధమైపోయింది. పేరు పన్నెండో వంతు, లెక్క పదహారో వంతు.

మా క్లాసులో ఒక పొడుపు అడిగేవాణ్ణి. ఔన్సు బంగారం బరువా, ఔన్సు పత్తి బరువా? పిల్లలు నవ్వి రెండూ ఒకటే అనేవాళ్ళు. కాదు, బంగారమే బరువు. బంగారం తూచేది ట్రాయ్ ఔన్సుతో, అది అపోథెకరీ ఔన్సుతో సమానం, 31.1 గ్రాములు. పత్తి తూచే మామూలు ఔన్సు 28.35 గ్రాములే. మరి పౌండు బంగారం, పౌండు పత్తి? ఇప్పుడు పత్తి బరువు. బంగారం పౌండు 12 ఔన్సులే కాబట్టి 373 గ్రాములు, పత్తి పౌండు 454. ఈ పొడుపు ఒక్కసారి కాగితంమీద చేసి చూసుకోండి, రెండు పట్టికలూ జన్మలో మరిచిపోరు. టీవీలో అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం ఇంత అని చెప్పినప్పుడు గ్రాము ధర కావాలంటే 31.1తో భాగించాలి. 28.35తో భాగించి షాపువాడు మోసం చేస్తున్నాడని గొడవపడ్డ మా బంధువొకాయన ఉన్నాడు.

మన తులం కూడా గ్రెయిన్‌కు లొంగిందే. 1833లో ఈస్టిండియా కంపెనీ పాలనలో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు, వెండి రూపాయి బరువూ అంతే పెట్టారు. 180ని 0.0648తో గుణించండి, 11.66 గ్రాములు వస్తుంది. పాత తులం ఎందుకు అంత వంకర అంకె అని అనుకునేవాళ్ళకు ఇదే జవాబు. ఇప్పుడు బజారులో తులం అంటే 10 గ్రాములనే లెక్క.

ఇవి ఎందుకు చదవాలి అన్నారు కదా, ఒక మాత్ర చూపిస్తాను. ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాములు. 300 కాదు, 350 కాదు, 325 ఏమిటి? ఐదు గ్రెయిన్లను 65తో గుణించండి. అమెరికాలో చిన్న ఆస్పిరిన్ 81 మిల్లీగ్రాములు, అది ఐదు గ్రెయిన్లలో నాలుగో వంతు. ఫినోబార్బిటోన్ 30, 60 మిల్లీగ్రాములుగా వస్తుంది, అర గ్రెయిను, ఒక గ్రెయిను. గ్రెయిన్లలో రాసే అలవాటు పోయినా అవి మాత్రల అంకెల్లో దాక్కుని బతుకుతున్నాయి.

ద్రవాల కొలతలు కాస్త తేలిక. అన్నిటికన్నా చిన్నది మినిమ్, లాటిన్ మినిముమ్, అంటే అతి తక్కువ. 60 మినిమ్‌లు ఒక ఫ్లూయిడ్ డ్రామ్, 8 ఫ్లూయిడ్ డ్రాములు ఒక ఫ్లూయిడ్ ఔన్సు, 20 ఫ్లూయిడ్ ఔన్సులు ఒక పైంటు, 8 పైంట్లు ఒక గాలన్. అమెరికా పైంటుకు 16 ఔన్సులే, కలపకండి. పాత ఫార్ములాల్లో పైంటుకు ఓ అక్షరం, గాలన్‌కు సి అక్షరం కనిపించి చాలామంది తికమక పడతారు. ఓ అంటే ఓక్టారియుస్, ఎనిమిదో వంతు, గాలన్‌లో ఎనిమిదో వంతు కాబట్టి. సి అంటే కోంగియుస్, రోమన్ల ద్రవ కొలత. వాళ్ళ కోంగియుస్ మాత్రం 3.27 లీటర్లే. దానిలో ఆరో వంతు సెక్స్‌తారియుస్, అందులో సగం హెమినా, ఇలా దిగుతూ పోతుంది. మన మానిక, తవ్వ, సోల, గిద్ద దిగినట్టు.

చుక్కకు లాటిన్ గుత్త. ఐవీ సెట్టు పెట్టేటప్పుడు చుక్కలను జీటీటీ అని రాస్తారు కదా, అది గుత్తయే, అంటే చుక్కలు. మామూలు సెట్లలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరుకు, మైక్రో సెట్లలో 60.

ఇక చెంచా. కోక్లియారె. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. కోక్లియా అంటే నత్త. రోమన్ల చెంచాకు ఒక చివర మొనదేలి ఉండేది, నత్తగుల్లలోంచి మాంసం లాగడానికి. అందుకే చెంచాకు నత్త పేరు. నత్తలాగే చుట్టుకుని ఉండే లోపలి చెవి భాగానికీ కోక్లియా అనే పేరు. ఆరోగ్యశ్రీలో చెవిటి పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి మీరు వినే ఉంటారు. కోక్లియారె మాగ్నుమ్ పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు. కోక్లియారె మినిముమ్ టీ చెంచా, 5 మిల్లీలీటర్లు. ఇళ్ళలో చెంచాలు ఒక్కో సైజులో ఉంటాయి. పసిపిల్లల సిరప్‌కు సీసాతో వచ్చిన మూతకొలతే వాడమని తల్లులకు గట్టిగా చెప్పండి, ఉగ్గుగిన్నెతోనో వంటింటి చెంచాతోనో పోయనివ్వకండి.

పొడవు కొలతలు మీ సిలబస్‌లో పెద్దగా లేవు కాబట్టి త్వరగా దాటేస్తాను. పెస్ అంటే పాదం, 29.6 సెంటీమీటర్లు. కుబితుమ్ అంటే మోచెయ్యి, ఒకటిన్నర పాదం. గుడి ముందు పూలమ్మాయి మోచేతితో కొలిచి ఇచ్చే మూర అదే. పాస్సుస్ అంటే రెండు అంగలు, ఐదు పాదాలు. మిల్లె పాస్సుస్ అంటే వెయ్యి పాస్సుస్‌లు, అదే మైలు. సైనికుడు ఎడమకాలు వెయ్యిసార్లు నేలకు తాకితే ఒక మైలు. అది 1,480 మీటర్ల దాకా ఉండేది. ఇంగ్లండులో 1593లో 5,280 అడుగులుగా చట్టం చేశాక పెరిగింది.

మిల్లె అంటే వెయ్యి అయితే మిల్లీగ్రాము వెయ్యో వంతు ఎలా అయ్యింది అని మీకు అనుమానం రావాలి. వచ్చిందా? 1795లో ఫ్రెంచివాళ్ళు మెట్రిక్ పద్ధతి చట్టం చేసినప్పుడు ఒక పంపకం పెట్టుకున్నారు. పైకి ఎక్కడానికి గ్రీకు మాటలు: డెకా, హెక్టో, కిలో. కిందికి దిగడానికి లాటిన్ మాటలు: డెసి, సెంటి, మిల్లి. గ్రీకు మెట్లెక్కుతుంది, లాటిన్ మెట్లు దిగుతుంది. దీనికన్నా మంచి గుర్తు నాకు దొరకలేదు. మన దేశంలో 1956లో చట్టం చేసి 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ తూకాలు తెచ్చారు. మా ఇంట్లో మాత్రం మా నాయనమ్మ పోయేదాకా వీశెలు, శేర్లే.

వందకు లాటిన్ కెంతుమ్. మన శతం, ఆ కెంతుమ్ ఒకే పాతమాటకు రెండు రూపాలు. పర్సెంట్ అంటే పెర్ కెంతుమ్, నూటికి. ఎకరంలో నూరో వంతు సెంటు, 48.4 గజాలు, అదీ ఈ మాటే. గింజలు, పత్తి తూచే క్వింటాలు కూడా వందే, కాకపోతే చాలా ఊళ్ళు తిరిగి వచ్చింది: లాటిన్ కెంతెనారియుమ్ గ్రీకు మీదుగా అరబ్బుల ఖింతార్ అయ్యి, తిరిగి యూరప్ చేరి క్వింటాలు అయ్యింది. మన రైతు సెంట్లలో దున్ని క్వింటాళ్ళలో అమ్ముతున్నాడంటే వందను రెండు వేషాల్లో వాడుతున్నట్టు.

చివరికి ప్రిస్క్రిప్షన్ మాటలు. ఇవి మార్కులకోసం కాదు, రేపు మీ కౌంటరు దగ్గర ఒకరి ప్రాణానికి సంబంధించినవి, కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడతాను. చీటీ పైన ఆర్ అక్షరం కాలికి అడ్డగీత పెట్టి ఉంటుందే, అది రెకిపె, తీసుకో అని అర్థం. చాలామంది పేషెంటుకు చెప్పిన మాట అనుకుంటారు. కాదు, మనకు చెప్పింది. ఫలానా సరుకు ఇంత, ఫలానాది ఇంత తీసుకో అని డాక్టరు మందు కలిపేవాడికి పెట్టిన ఆజ్ఞ. ఇంగ్లీషులో వంట పద్ధతికి రెసిపీ అనడం ఇక్కడినుంచే. నేను పనిలో చేరిన కొత్తలో మాకు నేర్పిన కాంపౌండరు గారు మిక్స్చర్ కలిపి సీసాకు పక్కగా కాగితం పట్టీ అంటించేవారు, మెట్లు మెట్లుగా కత్తిరించి. ఒక మెట్టు ఒక డోసు. చదువురానివాడికి కూడా అర్థమయ్యే కొలత అది.

ఆ ఫార్ములాల చివర క్యూఎస్ అని ఉంటుంది. క్వాంతుమ్ సుఫ్ఫికిత్, సరిపోయినంత. మన వంటల పేజీల్లో ఉప్పు తగినంత అని రాస్తారు చూడండి, అచ్చం అదే. నీరు క్యూఎస్ 100 మిల్లీలీటర్లు అంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళు పొయ్యమని కాదు, మొత్తం 100కు వచ్చేంత నీళ్ళు పొయ్యమని. ఏటా సగం మంది ల్యాబులో ఇక్కడే తప్పుతారు.

బీడీ అంటే బిస్ ఇన్ దియే, రోజుకు రెండుసార్లు. ఒక పెద్దాయన డాక్టరు బీడీ రాశాడంటూ మురిసిపోయాడు నా దగ్గర, మానమన్నవాడే రాశాడని. టీడీఎస్ అంటే తెర్ దియే సుమెన్‌దుమ్, రోజుకు మూడుసార్లు తీసుకోవలసినది. ఇది ఇన్‌కంటాక్స్ వాళ్ళదీ కాదు, వాటర్ ప్లాంటు వాళ్ళదీ కాదు. బిస్, తెర్ మన సంస్కృతం ద్వి, త్రికి దగ్గరివి, దియే మన దివసానికి. కాబట్టి ఇవి పరాయి మాటలని భయపడకండి. ఏసీ అంటే ఆంతె కిబుమ్, అన్నానికి ముందు. పీసీ అంటే పోస్త్ కిబుమ్, తిన్నాక. హెచ్‌ఎస్ అంటే హోరా సోమ్ని, నిద్రవేళ. స్టాట్ అంటే స్తాతిమ్, వెంటనే. ఎస్‌ఓఎస్ అంటే సి ఓపుస్ సిత్, అవసరమైతే. ఓడ మునిగేటప్పుడు పంపే సంకేతం కాదు. అవసరమైతే అన్నారు కదా అని గంటగంటకూ వేసుకునేవాళ్ళున్నారు, రోజుకు ఎన్ని దాటకూడదో డాక్టరును అడిగి చీటీమీద రాసి ఇవ్వండి.

ఓడీ దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. మన దగ్గర ఓడీ అంటే ఓమ్ని దియే, రోజుకొకసారి. కంటి డాక్టర్ల దగ్గర ఓడీ అంటే ఓకులుస్ దెక్స్‌తెర్, కుడికన్ను. ఓఎస్ అంటే ఓకులుస్ సినిస్తెర్, ఎడమకన్ను. ఒకసారి అమెరికాలో కొడుకు దగ్గర ఉండి వచ్చిన ఒకామె అక్కడి కంటిచుక్కల చీటీ తెచ్చింది. ఓడీ అని చూసి నేను సీసామీద రోజుకొకసారి అని రాసిచ్చేశాను. డాక్టరు ఉద్దేశం కుడికంటికి, నాలుగుసార్లు. నాలుగుసార్లు అన్న మాట ఆ పక్కనే క్యూఐడీ అని ఉంది, ఓడీ చూశాక నా కళ్ళు అటు పోలేదు. రెండు రోజుల తరువాత ఆమె ఎర్రబడ్డ కన్నుతో వచ్చింది. ఆమె ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. అప్పటినుంచి అక్షరాలు చూసి ఊహించడం మానేశాను. అనుమానం వస్తే డాక్టరుకు ఫోన్ చేసేవాణ్ణి, విసుక్కున్నా సరే.

అమెరికాలో ఆసుపత్రుల నాణ్యత చూసే జాయింట్ కమిషన్ కొన్ని పొట్టి అక్షరాలు వాడకూడదని జాబితా పెట్టింది. రోజుకొకసారికి క్యూడీ, యూనిట్లకు ఒట్టి యు అక్షరం అందులో ఉన్నాయి. 10 పక్కన యు రాస్తే చేతిరాతలో 100లా కనిపిస్తుంది, ఇన్సులిన్ పదిరెట్లు పడుతుంది. 1 అని రాయవలసిన చోట 1.0 అని రాసినా అదే ప్రమాదం, చుక్క కనపడకపోతే పది. మన దగ్గర మెడికల్ కౌన్సిల్ కూడా 2016లో మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని నిబంధన మార్చింది. కాబట్టి లాటిన్ అక్షరాలు చదవడం నేర్చుకోండి, మీరు రాసిచ్చేటప్పుడు మాత్రం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక అని తెలుగులోనే రాయండి.

ఇక ఎగ్జామ్‌కు ఏం చెయ్యాలంటే, ఆ రెండు పేజీల పట్టిక పక్కన పెట్టి తెల్లకాగితంమీద ఒక తక్కెడ బొమ్మ గీయండి. ఒక పళ్ళెంలో గింజ, గులకరాయి, గుప్పెడు, పన్నెండో వంతు, లిబ్రా, ఈ వరసలో రాసి మధ్యలో 20, 3, 8, 12 అంకెలు పెట్టండి. రెండో పళ్ళెంలో మినిమ్, డ్రామ్, ఔన్సు, పైంటు, గాలన్, మధ్యలో 60, 8, 20, 8. రోజుకొకసారి చూడకుండా గీస్తే వారంలో చేతికి వచ్చేస్తుంది. డ్రామ్ గుర్తు 3 అంకెలా ఉంటుంది, దాని నెత్తిన ఇంకో మెలిక పెడితే ఔన్సు గుర్తు. పెద్దదానికి పెద్ద తలపాగా అనుకోండి. ఈ పాత ఇంగ్లీషు తూకాలనుంచి మెట్రిక్‌కు మార్చే లెక్కల్లో ఏ బరువు ఇచ్చినా ముందు గ్రెయిన్లలోకి దించి, తరువాత 64.8తో గుణించండి, మిల్లీగ్రాములు వస్తాయి, పౌండు ఏ రకమో అన్న తికమక అక్కడే తేలిపోతుంది. ఒక లెక్క ఇస్తున్నాను: 2 అపోథెకరీ డ్రాములు, 1 స్క్రూపుల్, 10 గ్రెయిన్లు కలిపి ఎన్ని గ్రాములు? చేసి కింద రాయండి. 9.72 దగ్గరికి రాకపోతే ఎక్కడ జారారో చూద్దాం.